పాచిపని

ఒస్త్రావాలో, ట్రాము మలుపు తిరిగే చోట నా కొట్టు.
గోడ పొడుగునా చేపల తొట్లు,
అరల్లో పాచిని చంపే మందులు
పదకొండు రకాలు.
వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే:
ఇది ఎలా పోతుంది?

ఒతకార్ ఒక్కడే
ఎలా వస్తుంది, అని అడిగాడు.

మలావీ సరస్సు చేపలు పెంచుతున్నాడు.
నీలం ఒళ్లు, నల్ల చారలు,
రాతిని గీక్కుతినడానికే పుట్టిన పళ్లు.
"పొట్లంలో గింజలు వేస్తే తింటాయి, కాదనను.
కానీ నిలబడి తిన్నట్టు తింటాయి" అన్నాడు.
చేపలు కూర్చుంటాయా అని
నేను అడగలేదు.

బొగ్గుగని మనిషి.
ముప్పై ఏళ్లు నెత్తికి దీపం కట్టుకు తిరిగినవాడికి
వెలుతురు బేరం ఎవరూ నేర్పక్కర్లేదు.
గులాబీ ట్యూబుని వేలితో పక్కకి నెట్టాడు:
"ఇది డాన్సు హాలుకి."
నీలం దాన్ని చూడనే లేదు.
ఆరువేల ఐదువందల కెల్విన్ల తెల్ల దీపం కింద
చెయ్యి చాపి, తిప్పి,
చర్మం లోపల ఇరుక్కుపోయిన బొగ్గు గీత
నీలంగా తేలేదాకా ఆగి,
"ఇది మధ్యాహ్నం. ఇదివ్వు" అన్నాడు.

రోజుకి పన్నెండు గంటలు,
నీటికి జానెడు ఎత్తులో.
ఎనిమిది నెలలకి
రాళ్లు పిల్లి వీపులయ్యాయని
ఫోను చేసి మరీ చెప్పాడు.

నవంబరులో అతని భార్య వచ్చింది, హెడ్వికా.
కోటు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని.
అతనికి తుంటి ఆపరేషన్ అయింది,
ఆరు వారాలు అక్కడే ఉంచుతారట.
"చేపల్ని చూసుకో అన్నాడు.
చూసుకున్నాను."
సంచిలోంచి ఒక రాయి తీసి
గల్లాపెట్టె పక్కన పెట్టింది.
తెల్లగా, పళ్లు తోమినంత శుభ్రంగా ఉంది.

ఆసుపత్రి వరండాల్లో
ముప్పై ఒక్కేళ్ల పాచిపని ఆవిడది.
బ్రష్షు చేతికొస్తే చెయ్యి ఆగదు.
పది నిమిషాల్లో
ఎనిమిది నెలలు కడిగేసింది.
"బట్టరాయినే కొరుకుతున్నాయి" అంది గొంతు తగ్గించి,
"ఖాళీ కంచం నాకినట్టు.
ఆయనొచ్చేలోపు మళ్లీ రావాలి.
ఇంకా పెద్ద దీపం ఉందా?"

ఉంది. అమ్మలేదు.
దీపం సరిపోతుంది, నాలుగు వేళ్లు కిందికి దించండి అన్నాను.
రాత్రి కూడా వెలిగిస్తానంది.
వద్దు, దానికీ చీకటి కావాలి,
లేకపోతే జుట్టులా పెరిగి చేపలు ముట్టవు అన్నాను.
"మా ఆయనకి చెప్పాల్సింది ఆ మాట" అని
ఎందుకో నవ్వింది.

వెనక తొట్టిలో, ఎవరూ కొనని మూలన,
పచ్చగా జారే రాయొకటి నా దగ్గర ఉంది.
పాలలో మజ్జిగ తోడేసినట్టు
దీన్ని ఆ రాళ్లకి రుద్ది పడేయండి, అని ఇచ్చాను.
డబ్బు తీసుకోలేదు.
మురికికి ధర ఎంత కట్టాలో
నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక ప్రతి మంగళవారం
తడిగుడ్డలో ఒక రాయి చుట్టుకుని వచ్చేది.
మొదటి వారం ఏమీ లేదు.
రెండో వారం గోధుమరంగు మసి,
చూసి ఏడుపు ముఖం పెట్టింది.
ముందు వచ్చేది అదే, తుడవకండి, దండం పెడతాను అన్నాను.
మూడో వారం ఆవిడ రాలేదు.
రెండు సార్లు తలుపు తీసి ట్రాము స్టాపు వైపు చూశాను.

నాలుగో మంగళవారం, మంచు పడుతుండగా,
రాయిని నా ముందు పెట్టి
బొటనవేలు ఆనించింది.
జారింది.
వేలి కొసన ఆవగింజంత పచ్చ.

"కొత్తదని ఆయన పట్టేస్తాడా?"
అని అడిగింది.
పట్టేస్తాడనే అనుకుంటాను. ఆ మాట అనలేదు.

చిల్లర అందుకుంది, సంచి సర్దింది,
కండువా చుట్టుకుంది,
అన్నీ ఒక్క చేత్తోనే.
రెండో చెయ్యి, ఆ వేలు పైకెత్తి,
దేనికీ తగలకుండా,
దేనికీ తుడుచుకోకుండా,
అలాగే ట్రాము ఎక్కింది.