మూతి ఎటు

బస్సు రాక ఇయ్యాల్టికి నలభై మూడు దినాలు.
సజాల మా కంపెనీ గేటుకు తాళం.
తాళం కాడ కూసున్న నేపాలీ వాచ్‌మన్‌కు కూడ జీతం లేదు,
అయినా సెల్యూటు కొడతడు.

పాస్‌పోర్టులు లోపలి బీరువల ఉన్నయంటడొకడు.
బీరువనే లేదంటడు ఇంకొకడు.
సోమవారం లేబర్ కోర్టు అన్నరు,
ఏ సోమవారమో అనలే.

నేను పార్కింగులల్ల గీతలు గీసేటోన్ని.
పదకొండేండ్లు, ఒక్కటి వంకర పోలే.
పోతే ముదీరు జీతం కోస్తడు.

మంచం కింద నాలుగు డబ్బాలు మిగిలినయి.
గీతల పసుపు, ఫుట్‌పాత్ అంచుల నలుపు,
నడవలేనోళ్ల జాగకు పూసే నీలం,
ఫైరింజను నిలబడే కాడి ఎరుపు.
ఎరుపు మీద తోలు కట్టింది.
పుల్లతోని పొడిస్తే కింద ఇంకా తడే.

ఏసీ అట్టపెట్టె విప్పి గోడకు ఆనించిన.
ఏం గియ్యాల్నో తెల్వది.
చెయ్యి ఊకె ఉండలేక ఒక నిలువు గీత గీసింది,
దాని పక్కన ఇంకొకటి.
పోశెట్టి పై మంచం మీదికెల్లి తొంగి చూసి
"బస్సా?" అన్నడు.
అప్పుడు తెలిసింది నాకు, బస్సని.

ఇగ పన్నెండు మంది పన్నెండు బస్సులు చెప్పవట్టిరి.
ఎడమ అద్దం పగిలి ఉండె. కాదు, కుడిది.
నంబరు చివర ఏడా, ఎనిమిదా?
అరబ్బీల ఏడును బోర్లేస్తే ఎనిమిది,
అట్టనే తిప్పి చూద్దామన్నడు అజీం.
నవ్వినం. చాన దినాలకు, గట్టిగ.

డ్రైవర్ గుల్ జమాన్ తలపాగకు ఊదారంగు లేదు.
నీలంల ఎరుపు కలిపితే బురదయ్యింది.
"అదే రంగు, చెమటకు అట్లనే అయితుండె" అన్నరు.

లస్మన్న ఒక్కడు దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు:
"దీని మూతి ఎటు పెడ్తున్నవ్?
పనికాడికా, ఏర్‌పోర్టుకా?"

బ్రష్ ఆగింది.
పోతే, మూడు రూపాల మిత్తి వాకిట్ల కూసుంటది.
ఉంటే, ఖుబ్బూసు కూడ ఉద్దెరే.
అటు తిప్పితే ఒకని మొకం మాడుతది,
ఇటు తిప్పితే ఇంకొకనిది.
ఎదురుంగ గీసిన.
రెండు లైట్లు, నడుమ పెద్దద్దం,
మా దిక్కే వస్తున్నట్టు.

రెండో టైరు కాడికి నలుపు ఒడిసింది.
గిన్నె అడుగు గీకి
మసిని మంచినూనెల కలిపి తెచ్చిండు పోశెట్టి.
బియ్యం ఉన్న దినాల మసి.
టైరు గుండ్రంగ రాలే,
చెయ్యికి గీతలే అలవాటు.
ఎవ్వడూ ఏం కొయ్యలే.

పొద్దుగాల నాలుగింటికి, అలవాటుకు,
లస్మన్న లేచి బూట్లేసుకున్నడు.
దాని ముందర నిలబడ్డడు.
చెయ్యి చాపుతుంటే మంచంల పండుకునే అన్న:
"ముట్టకు. ఆగస్టు గాలి, తడి గాలి. ఆరనీ."

"ఎప్పటికి ఆరుతది?"

ఏం చెప్పాలె.
లైటు బంద్ చెయ్యమన్న.
చెయ్యలే.