పదిహేడో మూస

యూనివర్సిటీ గేటు దగ్గర షేర్ ఆటో దిగి
చున్నీకి పట్టిన మిరపఘాటు దులుపుకుని
రెండు తుమ్ములు బయటే తుమ్ముతాను.
మూడోది ఎప్పుడూ ల్యాబ్ లోపలే వస్తుంది.
మిల్లీగ్రాములు తూచే త్రాసుకి
నా తుమ్ము కూడా బరువే.

ఇవాళ ఆటోలో ఒకావిడ అడిగింది,
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే ఆమె:
"నాలుగేళ్ళ నుంచి చూస్తన్నా, ఏం చదువమ్మా నీది?"
"గాజు చేస్తానండీ."
"గాజులా? డజనెంత?"
అంతలో నా స్టాపు వచ్చేసింది.

రేపు కనబడితే ఇలా చెప్పాలి:
వెలిగారం ఉంది కదండీ, కంసాలి అంగట్లో తెల్లగా,
దాన్నీ ఇంకో రెండు పొడుల్నీ కలిపి నూరి
మూసలో పోసి కొలిమిలో పెడతాం.
వెయ్యి డిగ్రీలు దాటాక అది తేనెలా కదులుతుంది.
పటకారుతో తీసి ఇత్తడి పలక మీద ఒంపుతాం, ఒక్క ఊపున.

బడిపిల్లలు ప్రార్థనకి వరసల్లో నిలబడితే స్ఫటికం.
ఉప్పుకల్లు, పటికబెల్లం అట్లాంటివి.
పరిగెత్తే పిల్లల్ని ఎవరో "స్టాచ్యూ" అంటే
ఒక కాలు గాల్లో, ఒక చెయ్యి పక్కవాడి జుట్టులో
ఉన్నవాళ్ళు ఉన్నట్టు ఆగిపోతారు చూడండి,
అదీ గాజు.
నా పనల్లా ఆ "స్టాచ్యూ" అనడం.

పటకారు పట్టడం ఏ పుస్తకమూ నేర్పలేదు,
అటెండర్ కామాచారి నేర్పాడు.
మంగళగిరిలో వాళ్ళ తాత నగలు చేసేవాడట.
మొదటిరోజు నా చెయ్యి వణుకుతుంటే
"మూసని చూడకు, పోసే చోటు చూడు" అన్నాడు.
నా థీసిస్‌లో ఆ మాటకి రిఫరెన్స్ నంబరు లేదు.

ఒకటి నుంచి ఆరు దాకా పగిలాయి.
ఏడు, కరెంటు పోయి పోయింది.
ఎనిమిదిలో బుడగలు.
తొమ్మిది బాగానే వచ్చింది గానీ
అర్ధరాత్రి డ్రాయర్లో తనంతట తనే టక్‌మంది.
తొందరగా చల్లారిన దానికి కోపం లోపలే ఉండిపోతుంది,
చిన్న సెగ మీద గంటలకొద్దీ ఊరడించాలి.
ఫెలోషిప్పు ఐదు నెలలుగా రాలేదు,
నన్ను ఊరడించే సెగ ఇంకా కనిపెట్టలేదు.

ఎక్స్‌రే గ్రాఫులో అందరూ శిఖరాలు వెతుక్కుంటారు.
మాకు శిఖరం వస్తే ఓడినట్టు:
ఎక్కడో పిల్లలు వరస కట్టేశారు.
మెత్తటి మూపురం ఒక్కటే రావాలి,
పడుకున్న ఏనుగు వీపులా, మంగళగిరి కొండలా.

పదిహేడో మూసలో చిటికెడు యూరోపియం వేశాను.
చిటికెడంటే, బిల్లు చూసి మా గైడ్
రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నంత.
నిన్న సాయంత్రం గదిలో లైట్లార్పి
అతినీలలోహిత దీపం పెట్టాం.
నీళ్ళలాంటి బిళ్ళ
ఎర్రబడింది,
కల్లంలో ఆరబోసిన కాయ ఎరుపు.

కంటికి ఆనని వెలుగు మింగి
ఆ పరమాణువు మెట్లెక్కుతుంది.
కొన్ని మెట్లు చప్పుడు లేకుండా దిగి
అక్కణ్ణుంచి ఒక్కసారిగా దూకుతుంది.
దూకిన ఎత్తే దాని రంగు.

"అమ్మాయ్, ఇటు చూడు" అన్నాడు కామాచారి.
చీకట్లో మనిషి లేడు.
చొక్కా ఒక్కటే నీలంగా వెలుగుతూ నిలబడి ఉంది.
సబ్బుపొడిలో కలిపే తెలుపుమందు, అదే లెక్క.
"అయితే నా చొక్కా కూడా పీహెచ్‌డీ చేస్తందా?"
"దానికీ ఫెలోషిప్పు రాలేదు" అన్నాను.

నవ్వుతూ లైటేసి చూస్తే
బిళ్ళ అంచున వెంట్రుకంత గీటు.

పద్దెనిమిది తూచాలి ఇవాళ.
ముందు బయటికెళ్ళి తుమ్మి రావాలి.