రెండో మలుపు, రెండుసార్లు

ఆటోనగర్ మెకానిక్ సన్నిబాబు
రెండు తాళాలు నా అరచేతిలో పెట్టి
"చిప్పు మార్చలేదు, సైలెన్సరు కొయ్యలేదు,
కంపెనీ నుంచి ఏటి వచ్చిందో అదే ఉంది మేడమ్,
తోలి చూసి మీరే తేల్చుకోండి" అన్నాడు.

తెల్లది పోలో. ఎర్రది పుంటో.
రెండూ ఎవరో ఇష్టపడి కొని
ఇష్టం లేకుండా అమ్మినవే.
రెంటికీ ముందు చక్రాలే ఎడ్లు.
లాగేవీ అవే, తిరిగేవీ అవే.
వెనక రెండూ పెళ్ళివారిలా ఊరికే వస్తాయి.

ఆదివారం. ఇంకా ఐదున్నర కాలేదు.
సింధియా దాటాక యారాడ కొండదారి
రాత్రి మంచుకి తడిసి,
అక్కడక్కడ జీడిమామిడి ఆకులు అంటించుకుని ఉంది.

ముందు తెల్లది.
కాలు ఆనించానో లేదో అడిగింది ఇచ్చేసింది.
గేర్లు తనే వేసుకుంది,
నా మాట పూర్తికాకుండానే
తలూపే బ్యాంకు గుమాస్తాలా.
స్టీరింగుకి ఒక వేలు చాలు.
మొదటి మలుపు ఎప్పుడైపోయిందో
రెండో మలుపులో తెలిసింది.

అక్కడ లోపలి అంచున రోడ్డు కాస్త కుంగి ఉంటుంది,
కొండ నీరు ఊరుతుంది.
ముక్కు బయటికి జారబోయింది.
కారే సర్దుకుంది, నన్ను అడగలేదు.
మీటర్ల పక్కన పసుపు దీపం ఒకటి కన్నుకొట్టి ఆరిపోయింది.

నిజం చెప్పాలంటే
ఇంత సుఖంగా ఈ కొండ నేనెప్పుడూ ఎక్కలేదు.
ఇంకా నిజం చెప్పాలంటే
ఎక్కింది నేను కాదు.

ఎర్రదాన్ని సన్నిబాబు తమ్ముడు గౌరీసు వెనకే తెచ్చాడు.
పైన ఫ్లాస్కులో టీ ఇద్దరం పంచుకున్నాం.
కింద కాలువలో ఓడొకటి
టగ్గుల మధ్య లోపలికి వస్తోంది,
చుక్కాని తిప్పిన చాలాసేపటికి తిరుగుతూ.

తాళాలు మార్చుకుని కిందికి దిగి
మళ్ళీ మొదటినుంచి.

క్లచ్చు బరువు. సీటు ఎత్తు.
కాలు నొక్కితే
ఏమీ లేదు

ఏమీ లేదు

ఏమీ

అప్పుడు, వీపుమీద ఎవరో చరిచినట్టు!
చక్రాలు చెరో చేతినీ చెరో వైపు గుంజాయి.

నాకిది కొత్త కాదు.
పోర్టులో పదకొండేళ్ళుగా కంటైనర్ల క్రేను నడుపుతున్నాను.
అంత ఎత్తున, కాళ్ళ కింద కూడా అద్దమే ఉన్న గదిలో
లీవరు ఇప్పుడు కదిపితే
బరువు కాసేపటికి ఊగుతుంది.
ఆ కాసేపే నా జీతం.
ఊగబోయే వైపుకి చెయ్యి ముందే వెళ్ళాలి.
కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేర్పేదీ అదే,
నేర్పలేకపోయేదీ అదే.

అందుకే రెండో మలుపు కనబడకముందే
కాలు వేశాను.
మలుపు నడుమ దమ్ము అందింది.
కుంగిన చోటు, తడి, ఒక గులకరాయి
స్టీరింగులోంచి మణికట్టు దాకా వచ్చి
ఒక్కొక్కటీ పేరు చెప్పుకున్నాయి.
ముక్కు బయటికి పోయింది. కాలు కొంచెం తీశాను.
లోపలికి తిరిగింది.
ఈసారి సర్దింది నేనే,
చంకలు తడిసిపోయాయి.

"తెల్లదే ఫస్టు మేడమ్" అన్నాడు గౌరీసు ఫోను చూపిస్తూ,
"నాలుగు సెకన్లు తేడా."
"ఏ నాలుగు?" అన్నాను.
వాడు మళ్ళీ ఫోనులోకే చూశాడు.

కిందికొచ్చి లెక్కలేసుకున్నాను.
ఎర్రదానికి స్పేరు పార్టులు దొరకవు,
పెట్రోలు మంచినీళ్ళలా తాగుతుంది,
గాజువాక ట్రాఫిక్కులో ఆ క్లచ్చుతో రోజూ గంట,
ఎడమ మోకాలు ఇప్పటికే అంతంతమాత్రం.
"తెల్లది తెచ్చీ, సుకంగుంటాది" అన్నాడు
మా ఆయన జోగారావు, ఏదీ తోలకుండానే.
ఒక్క మాటా తప్పు కాదు.

సన్నిబాబుకి అడ్వాన్సు ఇవ్వలేదు.
బుధవారం చెప్తానన్నాను.

సోమవారం రాత్రి షిఫ్టు.
సముద్రం మీంచి గాలి,
ఓడలోంచి లేచిన నీలం కంటైనరు
ఊగాలా వద్దా అని ఆలోచిస్తోంది.
చెయ్యి లీవరు మీదే ఉంది.
కాలి కింద పెడలు లేదు.

అయినా నొక్కాను,
మలుపు ఇంకా రాకముందే.