గాలి చొరని చెంప

తెల్లారి నాలుగున్నరకి మల్కాపురంలో
కరెంటుంది, నీళ్లు లేవు.
రాత్రి పట్టిన బకెట్టే గతి.
నీటి మీద పల్చటి పొర,
యారాడ కొండ అవతల నుంచి వచ్చిన ఉప్పో
ఇవతల గొట్టాలు వదిలిన మసో
పంతొమ్మిదేళ్లుగా తేల్చుకోలేదు.

అద్దాన్నీ అదే తింది, అంచుల నుంచి లోపలికి.
మధ్యలో అరచేయంత మిగిలింది.
నా గెడ్డం పడుతుంది, చాలు.

నిన్న షిఫ్టు దిగుతుంటే
లోవరాజు నా జేబులో కుక్కాడు నీలం రంగు ట్యూబు.
"మావా, ఇది పూసి చూడు.
నీ మెడమీద ఆ పొక్కులు చూళ్లేక సస్తన్నాం."
పాతికేళ్లు లేవు వాడికి.
తన చెంపమీద మొలిచాయో లేదో
వాడికే ఇంకా అనుమానం.

మాకు గీసుకోవడం సోకు కాదు.
రిఫైనరీ ఫైరు సెక్షన్లో
గేటు దాటగానే చెంప తడిమి చూస్తారు
పూర్ణా మార్కెట్లో పుచ్చకాయని చూసినట్టు.
మాస్కు చర్మానికి అతుక్కుని కూర్చోవాలి.
ఒక్క పూట వెంట్రుక చాలు,
దాని పక్క నుంచి దారి చేసుకుంటుంది గాలి,
గాలితో పాటు
గాలి కానిది.

అందుకే
అమ్మ పోయిన నాలుగోనాడు గీశాను.
మైలలో బ్లేడు పట్టానని
మా పెదనాన్న పదకొండో రోజు దాకా
నా మొహం చూళ్లేదు.
ఏటేటా కార్తీకంలో అయ్యప్ప మాల వేద్దామనుకోవడం,
గెడ్డం గుర్తొచ్చి మానుకోవడం.

మూత తీసి నొక్కాను.
నురగ పొంగుతుందని చెయ్యి దూరంగా పెట్టాను.
పొంగలేదు.
తాటిముంజె జారి పడ్డట్టు
అరచేతిలో చల్లగా కదిలింది, అంతే.
రుద్దాను. ఇంకా రుద్దాను.
నురగేదిరా?
సముద్రం పక్కన పుట్టినోణ్ణి,
నురగ కనపడందే ఏదీ వచ్చినట్టు కాదు నాకు.

"ఏటా రుద్దుడు, గిన్నెలు తోమినట్టు!"
గుమ్మంలో నూకరత్నం, చేతిలో టీ గ్లాసు.

ఇన్నాళ్లూ
తెల్లటి నురగలో దారి తీసుకుంటూ పోయేవాణ్ణి.
కింద ఏముందో బ్లేడుకే తెలుసు, నాకు తెలీదు.
ఇప్పుడు గాజు కింద పెట్టినట్టుంది మొహం.
ముక్కు వార నుంచి దవడ కిందికి
మాస్కు అంచు పడీ పడీ వేసిన గీత,
చెప్పు విప్పాక పాదం మీద మిగిలే చారలాగ.
మెడమీద పొక్కులు, కావాలంటే లెక్కపెట్టొచ్చు.
గెడ్డం నొక్కులో
నాలుగు తెల్లవి.

ఎప్పుడొచ్చాయి ఇవి?
మొలిచిన రోజే కోసేస్తుంటే
వాటి వయసు ఎవరు చెప్తారు?

"ఇలా చూడు" అన్నాను.
గ్లాసు కింద పెట్టి దగ్గరకొచ్చింది.
వేలితో తాకింది. వేలికి జెల్లంటుకుంది.
"నాకు తెలుసు" అంది చీరకి తుడుచుకుంటూ.
"ఆదివారం మజ్జానం తొంగుంటావు కదా.
పొద్దున్న గీసినా అప్పటికి మొలుస్తాయి.
పోయినేడు రెండే. ఇప్పుడు నాలుగు."

బ్లేడు పెట్టాను.
చప్పుడు లేదు.
రోజూ వినే ఆ గరగర,
గోడకి ఉప్పుకాగితం రాసినట్టుండేది, లేదు.
మెడ దగ్గర అలవాటుగా పళ్లు బిగించాను.
మండలేదు.
బిగించిన పళ్లని ఏం చేయాలో తెలీలేదు కాసేపు.

నాలుగింటినీ ఆఖర్న తీశాను.
బకెట్ నీళ్లతో కడిగితే
ఏది వెంట్రుక ఏది మసి, కలిసిపోయాయి.

ఆరింటికి గేటు.
సూపర్వైజరు చెంప తడిమి ఒక్క క్షణం ఆగాడు,
రెండోసారి తడిమాడు.
"ఏటయ్యా, పెళ్లా?"

మాస్కు తగిలించి పట్టీలు లాగి
గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి
ఊపిరి లోపలికి పీల్చాను.
రబ్బరు వచ్చి మొహాన్ని పట్టుకుంది.
పది లెక్కపెట్టాను.
వదల్లేదు.

అద్దం అవతల నుంచి లోవరాజు
బొటనవేలు ఎత్తి, కనుబొమలు ఎగరేసి అడుగుతున్నాడు.
లోపల ఏమన్నా వాడికి వినపడదు.
"నురగ లేదురా" అన్నాను అయినా.

రెండింటికి షిఫ్టు దిగేసరికి
ఆ నాలుగూ మళ్లీ తలెత్తుతాయి.
ఇవాళ గురువారం.
ఆదివారానికి ఇంకా మూడు రోజులు.