లేని శుక్రవారం

ఏడింటి వార్తలకు ముందు నాకు నాలుగు నిమిషాలిస్తారు.
"చరిత్రలో ఈ రోజు."
అపియా రేడియోలో పంతొమ్మిదేళ్లుగా
నా గొంతు పొడుగు అంతే.

పెసమీనో ముసలాయన రిటైరవుతూ ఇచ్చిపోయిన చెప్పుల డబ్బాలో
మూడువందల అరవై ఆరు అట్టముక్కలు.
కొన్నిటికి చెద, కొన్నిటికి టీ మరక,
ఫిబ్రవరి ఇరవై తొమ్మిది మాత్రం కొత్తపెళ్లికూతురిలా ఉంటుంది.

జనవరి ఒకటి: మాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజు.
జూన్ ఒకటి: దాన్ని పండగ చేసుకునే రోజు.
ఎందుకలా అని అడగండి,
అడిగినవాళ్లందరికీ తలా ఒక కారణం దొరుకుతుంది.

అక్టోబరు ఆరు: వేల్స్ వాళ్లని వాళ్ల నట్టింట్లోనే
పదహారు పదమూడుతో మట్టి కరిపించాం.
ఈ ముక్క చదివిన ప్రతి ఏడూ
అద్దం అవతల ఎవడో ఒకడు ఈల వేస్తాడు,
ఆ ఆట నాటికి పుట్టనివాడైనా సరే.

సెప్టెంబరు ఏడు: దేశమంతా ఒక్క పొద్దున
కుడి వదిలి ఎడమ పక్క బండి తోలింది.
మా మామయ్య బస్సుకి తలుపు అటే ఉండిపోయింది.
క్రిస్మస్ దాకా ఆయన జనాన్ని నడిరోడ్డు మీదే దించాడు.

అదే నెల ఇరవై తొమ్మిది: సముద్రం లేచి వచ్చింది.
అంకె చదువుతాను. ఆగుతాను.
అదే అట్ట మీద, అదే సిరాతో, కింద
ఎవరో సినిమా తార పుట్టినరోజు.
చదవను.
తార ఏమీ అనుకోదు.

ఇక డిసెంబరు ముప్పై.
రెండువేల పదకొండు ఎదురుగా పెసమీనో ఒక గీత గీసి వదిలేశాడు.
ఆ ఏడు మేం గురువారం రాత్రి పడుకుని శనివారం లేచాం.
పటం మీది దినరేఖ మమ్మల్ని దాటి అటు జరిగింది.
ఆ శుక్రవారం ఇక్కడ ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు.
చెయ్యని పనికి జీతం మాత్రం పడింది.

నిరుడు ఆ గీతని గీతగానే చదివాను:
"ఈ రోజు మనకి లేదు."
మైకు ఆపానో లేదో ఫోను.

"సవాయి నుంచి, సులియాని.
నీకు లేదేమో బాబూ, మా లఫాయికి ఉంది.
వాడు అవతల పాగో పాగోలో చేపల డబ్బాల కంపెనీలో పనిచేసేవాడు.
వాళ్ల గడియారం గెంతలేదు.
కవలలం మేం. పది నిమిషాలు నేను పెద్ద.
ఆ శుక్రవారంతో వాడు నాకంటే రోజు పెద్దయ్యాడు.
చచ్చేదాకా దెప్పేవాడు,
అక్కా అనడం మానేసి 'ఏమే పిల్లా' అనేవాడు."

ఏం చేశాడమ్మా ఆ రోజు, అన్నాను.
వార్తలమ్మాయి గాజు మీద వేలితో కొడుతోంది.

"ఏం చేస్తాడు? వానట. పనికి పోలేదట.
అరటిపండ్లు ఉడకబెట్టుకుని తిని
మధ్యాహ్నం పడుకున్నాడట.
నేనూ అదే అన్నాను,
దేశం దేశానికి దొరకని రోజు చేతికొస్తే
నిద్రపోతావురా వెధవా అని."

నవ్వింది. ఆ నవ్వు
చివర్లో ఎటో తిరిగింది.
ఫోను పెట్టేసింది.

ఈ పొద్దున డబ్బా తెరిచాను.
గీత పక్కన చోటు తక్కువే. చిన్న అక్షరాలతో రాశాను.
ఆరూ యాభై నాలుగుకి చదివాను,
రాకెట్ల తర్వాత, రాజుల తర్వాత,
ఎవరిదో తొలి రికార్డు విడుదల తర్వాత:

"రెండువేల పదకొండు, డిసెంబరు ముప్పై, శుక్రవారం.
పాగో పాగోలో వాన.
సులియా వాళ్ల లఫాయి
మధ్యాహ్నం పడుకున్నాడు."

ఇంకా అర నిమిషం మిగిలింది.
పాట వెయ్యలేదు.