సలికి రేటు

కెరమెరి గుట్టల మీద సైకిల్ పోటీలని
నవంబర్ల కబురొచ్చింది.
నా బ్రష్షుకు పని దొరికింది.

ముందుగాల బాణం గుర్తులు.
తర్వాత "మలుపు, నెమ్మదిగా".
పన్నెండో మూల కాడ ఎర్ర రంగుతోని
"ఇక్కడి ఉష్ణోగ్రత" అని రాసి
అంకె కోసం జాగ ఇడిచిపెట్టుమన్నరు.
రోజూ పొద్దుగాల్నే పోయి సుద్దతోని నింపాలె.
ఆరు. అయిదు. ఒక్కనాడు నాలుగు.
నాలుగు పడ్డనాడు అందరు చప్పట్లు కొట్టిండ్రు.
నా వేళ్లు వంగలే, సుద్దముక్క లోయల పడ్డది.

తొడసం రాధుబాయి అడిగింది:
"వాళ్ల ఊర్ల సలి లేదా తమ్మీ?"
ఉంటదట గని, ఇంత మంచిగ ఉండదట, అన్న.
ఆమె ఏమనలే.
పోయిన పుష్యంల ఆమె లేగదూడ
గీ మంచి సలికే కొయ్యబారింది.

ఆమె తలుపు మీద గూడ నేనే రాసిన:
"గది కలదు. వేడినీళ్లు కలవు."
గది ఒక్కటే. ఇల్లంటే అదే.
ఆరు రాత్రులు పిల్లలతోని కొట్టంల పండుకున్నది
ఎడ్ల ఊపిరికి దగ్గర జరిగి.
లోపల, పుణె నుంచి వచ్చిన ఇద్దరు
మూడు రగ్గుల కింద
సలిని మెచ్చుకుంట.

రాత్రికి పన్నెండు వందలు.
ఎన్నడన్న గిన్ని నోట్లు ఒక్కపారి చూసిందా అంటే
చూసింది, పత్తి అమ్మినప్పుడు,
గని చేతికొచ్చేటాళ్లకే అవి సేటువి.
ఇవి మాత్రం రెండొద్దులు
ఆమె చెంగుకే ఉన్నయి.

ఆఖరు దినం గుస్సాడీ ఆడుమన్నరు.
"దండారికి గద టోపీ పెట్టేది, పుష్యంల ఎట్ల?"
మెస్రం లచ్చుపటేల్
నెమలీకల టోపీని అటక దింపలే.
ఫొటోలాయన మంచుతోనే సరిపెట్టుకున్నడు.

మరుసటేడు పోటీలు వేరే జిల్లాకు పోయినయి.
తోరణం బొంగులు పందిట్లకు పోయినయి,
బ్యానర్లు ధాన్యం కుప్పల మీదికి,
గెలిచినోని నవ్వు మీద వడ్లు ఎండినయి.
రంగు డబ్బాల పైసలు ఇంకా నాకు రాలే.

గని కార్లు మాత్రం ఆగలే.
ఆదివారమైతే పన్నెండో మూల కాడ దిగుతరు,
బోర్డు చూసి మొఖం ముడుస్తరు:
"అంకె లేదేంది?"

రాధుబాయి చిన్నకొడుకు సోము
ఇప్పుడు లాగు జేబుల సుద్ద పెట్టుకొని తిరుగుతున్నడు.
హారన్ ఇనబడితే చాలు, అడ్డదారిన ఉరికి
నాలుగు రాసి పక్కకు నిలబడతడు.
ఫొటోకు పది రూపాయలు.

మొన్న ఏప్రిల్ల, ఇప్పపూలు ఏరే ఎండల గూడ,
నాలుగే రాసిండు.
అందులకెల్లి ఒకాయన బోర్డును చూసి
చొక్కా పైగుండీ పెట్టుకున్నడు.