నూట తొంభై వోల్టులు

పాతదాన్ని లాలాపేటలో ఏడువందలకి కొన్నాను,
తూకానికి వెయ్యబోతుంటే అడ్డం పడి.
ముందువైపు పసుప్పచ్చ పెయింటు:
స్తెఫను ఆర్కెస్ట్రా, గుంటూరు–2.
స్పీకరు మీద గుడ్డ ఎవరిదో వెంకటగిరి చీర ముక్క.
రెండే నాబులు. రెండోది ఎటు తిప్పినా ఒకటే.

కొత్తది ఎనిమిది నెలలు వరసలో నిలబడితే వచ్చింది.
ఎక్కడో మంచు కురిసే ఊళ్లో ఒక్కడే మనిషి
నెలకి నాలుగు చేస్తాడట, చేత్తో.
మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే నేను
మూడేళ్ల బోనసు దానికి ధారపోశాను.
ఇరవై ఒక్క నాబులు.
మా ఆయన చుట్టూ తిరిగి చూసి
ఇడ్లీ కూడా ఉడుకుతుందా ఇందులో, అన్నాడు.

పాతదానికి మర్యాద కావాలి.
స్విచ్చి వేశాక నిమిషం ఆగాలి.
గాజు వాల్వులు ఎర్రబడి, దుమ్ము కాలిన వాసన వచ్చి,
అప్పుడు గొంతు సవరించుకుంటుంది.
కొన్ని సాయంత్రాలు విజయవాడ రేడియో దాంట్లో దూరి
నా పాటకి అడ్డంగా ధాన్యం ధరలు చదువుతుంది.
మెల్లగా మీటితే మెల్లగా పలుకుతుంది,
గట్టిగా కొడితే అంచుల్లో పగులుతుంది.
ఆ పగులు కోసమే మావాళ్లంతా పడిచచ్చేది.
కాని అది రావాలంటే చివరికంటా తిప్పాలి,
తిప్పితే బ్రాడీపేట నాలుగో లైను మొత్తం లేచి కూచుంటుంది.

కొత్తదాంట్లో వాల్వులు వరసగా నిలబడి ఉంటాయి.
మొదటిది విన్నమాట రెండోదానికి చెబుతుంది,
రెండోది ఇంకాస్త చేర్చి మూడోదానికి,
మూడోది ఒట్టు పెట్టి మరీ నాలుగోదానికి.
నేను కదిపింది ఒక్క తీగ.
అటు తేలేసరికి ఊరంతా రచ్చ.
అయినా చివరి నాబు చిటికెడు తిప్పితే చాలు,
ఉయ్యాల్లో పాప కదలకుండా
పక్కనే ఉరుముని పెంచుకోవచ్చు.
చెయ్యి ఆపితే ఠక్కున తలుపేసినట్టు నిశ్శబ్దం.
ఆ నిశ్శబ్దానికి కూడా డబ్బు కట్టాను.

మే నెల. వీధిలో మోటార్లన్నీ ఒకేసారి.
నూట తొంభై వోల్టులు.
పాతది కుంగుతుంది.
కొట్టిన దెబ్బ వెంటనే రాదు,
ఒక లిప్త వెనక్కి వాలి, ఉబ్బి, మెత్తగా వస్తుంది.
ఎదురింటి వజ్రమ్మగారు ట్యాంకు నింపుకుంటున్నారని
ముందు నా వేళ్లకే తెలుస్తుంది.
కొత్తదానికి స్టెబిలైజరు కొన్నాను కాబట్టి
దాని లోకంలో వజ్రమ్మగారు లేరు.
మా గోడౌన్‌లో టిక్కీల్లాగే,
మార్చిలో పెట్టిన ఎరుపు
నవంబరులోనూ మార్చి ఎరుపే.
తప్పా అది? కాదు. దాంతోనే నా జీతం.

ఏది మేలక్కా అని కుర్రాళ్లు అడుగుతారు.
చెప్పలేక రెంటినీ ఆటోలో వేసుకుని
నాగుల్ మీరా దగ్గరికి పోయాను.
పాతదాన్ని కట్టింది వాళ్ల నాన్నే,
చచ్చిన రేడియోల పొట్టల్లోంచి సామాను తీసి.
కొత్తదాని వీపు విప్పాడు.
చాలాసేపు మాట్లాడలేదు. టీ మీద మీగడ కట్టింది.
తీగలు జడ అల్లినట్టు,
అతుకులు కొత్త పట్టీల మువ్వల్లా.
ఒక మూలన మాత్రం,
కొన్నవాడెప్పుడూ చూడనిచోట,
ఒక్క అతుకు రెండోసారి కాల్చి సరిచేసిన మచ్చ.
టార్చి వేసి నాకు చూపించి
వీడికీ చెయ్యి వణికింది చూడు, అన్నాడు,
దూరపు చుట్టం ఆచూకీ దొరికినట్టు.

నేను ముందుకు వంగితే మణికట్టు పట్టి ఆపాడు.
ముట్టుకోమాకు.
ఆపేసినా లోపల కరెంటు నిలవుంటది,
రెండిట్లోనూ.

ఫ్యూజుకి ఇరవై రూపాయలు తీసుకున్నాడు.
తిరుగు దారిలో, వంతెన దిగే గతుకుల్లో,
కొత్తదాని లోపలి స్ప్రింగులు తమలో తాము ఏదో గొణిగాయి.
పాతది నా మోకాలికి ఆనుకుని ఉంది,
ఇంకా గోరువెచ్చగా.